బలగం సినిమాకి అంత పేరు రావాల్సిందేనా?

జాకెట్ల అక్క, తిరుపతి

అందరికీ నమస్కారం. బైరాగిపట్టెడలో జాకెట్లు కుట్టే చిన్న షాపు నాది. నా ప్రశ్న బలగం సినిమా గురించి. 2023 మార్చిలో వచ్చిన సినిమాని ఇప్పుడు తవ్వడం ఎందుకంటారేమో. చూసిన రోజు నుంచి మనసులో ముల్లులా ఉండిపోయింది, అందుకే అడుగుతున్నాను.

అప్పట్లో షాపుకొచ్చిన ప్రతి మనిషీ "అక్కా, బలగం చూశావా, అచ్చం నీ కథే" అనేవాళ్లు. ఎందుకంటే మా ఆయనకీ మా పెద్దన్నకీ 11 ఏళ్లుగా మాటల్లేవు. చిత్తూరులో మా అన్న కూతురి పెళ్లి. బట్టలు పెట్టేటప్పుడు వరసగా అందర్నీ పిలిచారు, మా ఆయన్ని పిలవడం మరిచిపోయారు. ఆయన పందిట్లోంచి లేచి నేరుగా బస్టాండుకి నడిచాడు. నేను తాంబూలం పళ్లెం పట్టుకుని అటు అన్నని చూడాలా, ఇటు మొగుణ్ణి చూడాలా తెలియక అట్లే నిలబడిపోయాను. సినిమాలో గొడవ నల్లి బొక్క దగ్గర మొదలవుతుంది, మా ఇంట్లో పంచె, కండువా దగ్గర.

సినిమా థియేటర్లో చూడలేదు. ప్రైమ్‌లోకి వచ్చాక ఇంట్లో ముగ్గురం కూర్చుని చూశాం. కొమురయ్య తాత ఊరంతా తిరుగుతూ కనిపించిన వాళ్లందర్నీ పలకరిస్తా, ఆటపట్టిస్తా పోయే మొదటి భాగం ఉందే, అంత హాయిగా నవ్వుకుని ఎన్నాళ్లయిందో. సుధాకర్ రెడ్డి గారు నటించినట్టే లేదు. ఆ తాత పోయాక, శవం ఇంట్లో ఉండగానే పక్కన సాగే గుసగుసలు, ఎవరొచ్చారు ఎవరు రాలేదు అనే లెక్కలు, టీ అందలేదనే అలకలు, ఇవన్నీ నిజంగా మన ఇళ్లే. చివరి పాటకి మా ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను.

మర్నాడు మిషను ముందు కూర్చున్నాక కోపం మొదలైంది. ఆ తాత కూతురు లక్ష్మిని ఎవరేమన్నా అడిగారా? తగాదా బావకీ బావమరుదులకీ. నాన్నని చూడకుండా ఏళ్లు గడిపింది మాత్రం ఆ ఆడపిల్ల. శవాన్ని చూసి ఆమె ఏడ్చే ఏడుపుకి నా గుండె జారిపోయింది. ఆ వేషం వేసిన రూపా లక్ష్మి ఆ ఒక్క సీనుతోనే మనల్ని కట్టిపడేస్తుంది. కానీ ఆఖర్న మగవాళ్లు మగవాళ్లు కావలించుకున్నారు, అంతదాకా పిండం ముట్టని కాకి ముట్టింది, అయిపోయింది. ఇన్నేళ్లు పుట్టింటికి దూరంగా ఎట్లా బతికావమ్మా అని ఒక్కరు కూడా అనరు.

తాత మనవడు సాయిలు సంగతీ అంతే. అప్పు తీర్చుకోవడానికి కట్నం మీద ఆశ పెట్టుకున్నాడు. అది చెదిరిపోగానే డబ్బున్న మేనత్త కూతురి వైపు తిరిగాడు. అట్లాంటివాడు అంత తొందరగా మారిపోవడం నాకు మింగుడుపడలేదు. ప్రియదర్శి బాగా చేశాడు కాబట్టి ఆ లోపం తెలియకుండా పోయింది.

ఇంకో అనుమానం. ఆ చివరి పాట ఏ సినిమాలో పెట్టినా జనం ఏడుస్తారు. మరి ఇన్ని అవార్డులు, ఊరూరా పంచాయతీ ముందు తెర కట్టి చూడటం, ఇదంతా సినిమాకా, పాటకా? నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

రేణిగుంట రైలు

అక్కా, మా నాయన ఏ సినిమాకీ కన్నీళ్లు పెట్టని మనిషి. బలగం చూసి లేచిపోయి పెరట్లో కూర్చున్నాడు. ఆ సినిమా చూసి విడిపోయిన అన్నదమ్ములు కలిశారని పేపర్లలో కూడా వచ్చింది. ఇంకేం కావాలి? లోపాలు వెతికితే దేంట్లో లేవు?

సిరిసిల్ల మగ్గం

మాది సిరిసిల్ల దిక్కు. ఉద్యోగరీత్యా నాలుగేండ్ల నుంచి తిరుపతిల ఉంటున్న. అక్క అడిగిన పాట ముచ్చట ఒక్కటి చెప్తా.

ఆ పాట సినిమాకు తగిలించింది కాదు. మా దిక్కు చావు జరిగిన ఇంటికి బుడగ జంగాలు వచ్చి, పోయిన మనిషి కథను పాటగ పాడుతరు. ఎట్ల పుట్టిండు, ఎట్ల కష్టపడ్డడు, కొడుకులను, బిడ్డను ఎట్ల సాదిండు, పేర్లు పెట్టి పాడుతరు. అది ఇనేటోళ్ల గుండెల గట్టిగ ఉన్న ముడి ఇప్పేటందుకే. సినిమాల ఆ పాట పాడిన కొమురమ్మ, మొగిలయ్య నిజంగ ఆ వృత్తి మీద బతికినోళ్లు, స్టూడియో గాయకులు కారు. మొగిలయ్య 2024 డిసెంబరుల కన్నుమూసిండు. కాబట్టి పాట వేరు, సినిమా వేరు అని ఇడదీయలేం. కర్మల ఏ తావున ఆ పాట రావాల్నో సినిమాల గదే తావున వచ్చింది.

ఇంకొకటి. సినిమాల తాత చిన్నకొడుకు సూరత్‌ల ఉంటడు గదా. చూసేటోళ్లకు అది మామూలు మాట. మా సిరిసిల్లల మగ్గాలు నడువక సూరత్, భీవండి పోయిన ఇండ్లు ఎన్నో. పెద్దమనిషి పోయినంక ఆ రైలు దొరికి వచ్చేదాక శవం ఇంట్ల ఉండుడు మాకు తెలిసిన బాధ. దాని మీద పెద్ద పెద్ద డైలాగులు పెట్టలేదు డైరెక్టర్ వేణు. గంత సహజంగ తీసినందుకే నాకు గౌరవం.

మా భాషను ఇన్నేండ్లు సినిమాల రౌడీలకు, పనోళ్లకు పెట్టిండ్రు. ఈ సినిమాల తాత మాట్లాడిండు, ఆడిబిడ్డ ఏడ్చింది. ఇందుల ఊరు పల్లెటూరు పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చిన నాడు మా ఇంట్ల మిఠాయి పంచినం. అక్కా, నీ కోపం నాకు సమజయింది. గని ఈ సినిమాకు వచ్చిన పేరు ఎక్కువ అంటే మాత్రం ఒప్పుకోను.

మామిడితోట, బంగారుపాళ్యం

అక్కా, నేను సినిమాలు పెద్దగా చూడను, తోటలు చూసుకునే మనిషిని. కాకి గురించి మాత్రం చెప్పగలను.

మా నాయన తోతాపురి కోతల్లో పోయాడు. మూడో రోజు పాలు పోసి వచ్చాం. పదకొండో రోజు చెరువు గట్టు మీద చింతచెట్టు కింద ఆకు వేసి పెట్టాం. సంగటి, పొట్టేలు కూర, వడలు, పాయసం. కాకి రాలేదు. అరగంట గడిచింది. చెట్టు మీద నాలుగు కాకులున్నాయి, అరుస్తా ఉన్నాయి, కిందికి మాత్రం దిగవు. ఎండ నెత్తిన పడింది. మెల్లిగా గుసగుసలు మొదలయ్యాయి. "చిన్నకోడలు సరిగా చూసుకోలేదంట." "బోరు అప్పు మిగిలిపోయింది కదా, దానికే." మా చిన్నాయన ఉన్నట్టుండి "ఒరే, ఊరిబిండి ఏదిరా? వాడు ఊరిబిండి లేకుండా ఏనాడన్నా సంగటి ముట్టినాడా?" అని అరిచాడు. బైకు మీద ఇంటికి పోయి ఊరిబిండి, అదే శనక్కాయల పచ్చడి, తెచ్చి ఆకులో పెట్టారు. రాలేదు. ఒకాయన బీడీ వెలిగించి, రెండు దమ్ములు లాగి ఆకు పక్కన పెట్టాడు. ఏడుస్తా ఉన్న మా అమ్మ అది చూసి "ఆ కట్ట ఆయన బీడీల కట్ట కాదురా, ఆయన తాగేది వేరే" అనింది. గట్టు మీద అందరం నవ్వాం. కళ్లల్లో నీళ్లు ఆగలేదు, నవ్వూ ఆగలేదు.

అప్పుడు మా మేనత్త వచ్చింది. భాగాల గొడవతో ఎనిమిదేళ్లు మా గడప తొక్కని మనిషి. పలమనేరు బస్సు దిగి నేరుగా గట్టు మీదికే నడిచొచ్చింది. చెంబులో నీళ్లు ఆకు చుట్టూ తిప్పి "తినన్నా, టైమయింది" అనింది. అంతే. ఒక కాకి దిగి వడ ఎత్తుకుపోయింది.

బలగంలో ఆ కాకి సీన్లు చూస్తా ఉంటే నాకు ఆ బీడీ వాసన వచ్చింది. ఆ నవ్వు కూడా వచ్చింది. చావు ఇంట్లో నవ్వు ఎట్లా పుడుతుందో సినిమాల్లో చూపించినవాళ్లు తక్కువ. అయితే వెకిలిగా చూపిస్తారు, లేకపోతే అసలు చూపించరు. వేణు ఏళ్ల తరబడి టీవీలో, సినిమాల్లో కామెడీ వేషాలు వేసిన మనిషి, డైరెక్టరుగా ఇదే మొదటి సినిమా. నవ్వు ఎక్కడ ఆపాలో ఆయనకి తెలుసు. పేరు రావాల్సింది ఏడుపుకి కాదు, దీనికి. ఏడిపించడం చాలామందికి వచ్చు.

లక్ష్మి విషయంలో మాత్రం నేను మీతో కలవను. మన ఇళ్లలో తప్పయిపోయింది అనే మాట ఎవరి నోటా రాదు. ఆకు ముందు కూర్చోబెట్టి ఇంకో గరిటె ఎక్కువ వేస్తారు, అంతే. సినిమా అదే చూపించింది.

జాకెట్ల అక్క, తిరుపతి

రాసిన అందరికీ దండాలు. సిరిసిల్ల తమ్ముడూ, పాట గురించి నాకు తెలియదు, నువ్వు చెప్పాక తెలిసింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిన్న మధ్యాహ్నం హుక్కులు కుట్టుకుంటా ఫోన్లో మళ్లీ పెట్టాను. ఈసారి లక్ష్మిని మాత్రమే చూశాను. వేరేవాళ్లు మాట్లాడేటప్పుడు కూడా ఆమె ఎక్కడుందా అని చూశాను. ఆమె మొహంలో బాధ అంతా ఉంది. ఆమె నోటికి మాత్రం మాట ఇవ్వలేదు. ఇది నటి లోపం కాదు, రాసినవాళ్లు వదిలేశారు. వేణు గారు ఇంత చూడగలిగిన మనిషి కాబట్టే ఇది కూడా చూడాల్సింది అంటున్నాను. చూడలేని డైరెక్టర్ని ఎవరడుగుతారు?

మా అమ్మ పోయి రెండేళ్లు. కట్టమంచిలో పదకొండో రోజు. అన్న పందిరికి ఒక పక్క, మా ఆయన ఇంకో పక్క కూర్చున్నారు. సినిమాలో మాదిరి జరుగుతుందేమోనని నాకు లోపల ఆశ. కాకి రాకూడదని కూడా అనుకున్నాను, తప్పయితే అమ్మ క్షమించాలి. ఆకు పెట్టిన అయిదు నిమిషాల్లో కాకి వచ్చింది. అన్నం ముట్టింది, వడ కొరికింది, ఇంకో కాకిని కూడా పిలిచింది. అమ్మ చల్లగా పోయిందని అందరూ సంతోషపడ్డారు. భోజనాలయ్యాయి. అన్నా, మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే చేతులు కడుక్కున్నారు.

కాకి ముట్టకపోతే ఇల్లు మొత్తం కదులుతుంది, కారణం వెతుకుతుంది. ముట్టేస్తే ఎవరూ ఏమీ వెతకరు. మా ఇంట్లో అదే జరిగింది. అందుకే ఆ ముగింపు నాకు సరిపోలేదు. సినిమా మొదటి సగానికి ఎంత పేరొచ్చినా తక్కువే, ఇది నా మాట.

బంగారుపాళ్యం తమ్ముడూ, నీ చెరువు గట్టు కథ మూడుసార్లు చదివాను. ఒక్కటి అడగాలి. మీ మేనత్త వచ్చింది, నీళ్లు తిప్పింది, కాకి వడ ఎత్తుకుపోయింది. ఆ తర్వాత ఆమెతో ఎవరన్నా మాట్లాడారా?

మామిడితోట, బంగారుపాళ్యం

అక్కా, మీరడిగాక కూర్చుని గుర్తు చేసుకున్నాను. వడ్డన హడావిడి, పురోహితుడికి సంభావన, పందిరి వాళ్ల లెక్క. అత్త పెద్ద పంక్తిలో కూర్చోలేదు. వంటవాళ్ల దగ్గర మజ్జిగ తాగిందని మా అమ్మ చెప్పింది. మూడు గంటల బస్సుకి పలమనేరు పోయింది. బస్సు దాకా ఎవరు పోయారో అమ్మనడిగాను. ఎవరూ పోలేదంట.