1943 ఇజెవ్స్క్ మోసిన్-నగాన్ 91/30: ఈ గుర్తులు ఎలా చదవాలి?

కిరణ్:
అందరికీ నమస్కారం. లైసెన్సు పనులన్నీ పూర్తయి, నా మొదటి మోసిన్-నగాన్, అంటే పాత రష్యన్ సైనిక రైఫిల్, చేతికొచ్చింది. మోడల్ 91/30. రీఫర్బ్ (విప్పి మరమ్మతు) చేసి గిడ్డంగిలో పెట్టిన సర్‌ప్లస్, అంటే సైన్యానికి మిగులైన సరుకని చెప్పి అమ్మారు. ఒళ్ళంతా గ్రీజు, ఇంకా తుడవలేదు. పైన కనిపించినవి రాస్తున్నాను.

బ్యారెల్ మొదట్లో త్రిభుజం, అందులో బాణం, కింద 1943. దాని దగ్గరే ఒక చిన్న చతురస్రం, ఆ మూల నుంచి ఈ మూలకు అడ్డగీత. బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) మీదా, మ్యాగజైన్ అడుగు రేకు మీదా బ్యారెల్ నంబరే ఉంది, కానీ అంకెల తీరు వేరు. మ్యాగజైన్ రేకు మీద పాత నంబరు ఒకటి కొట్టేసి ఉంది. కర్ర ఎర్రగా, అద్దంలా మెరుస్తోంది. రిసీవర్ (బోల్ట్ కదిలే లోహపు గూడు) ఎడమ గోడ మీద రెండు గుండ్రటి మచ్చలు లీలగా కనిపిస్తున్నాయి. తుప్పు అనుకున్నాను, కానీ గోకితే ఏమీ రావడం లేదు.

నంబర్లు మార్చినందుకు దీని విలువ పోయినట్టేనా? ఈ ఎరుపు పూత తీసేసి అసలు రంగు బయటికి తేవాలా? ఆ మచ్చలేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

సుబ్బారావు:
కిరణ్ గారూ, ముందు ఆ గోకడం ఆపండి. తుడవకముందే ప్రతి గుర్తునూ ఫొటో తీసి పెట్టుకోండి. పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా తీస్తే, ఎదురుగా కనబడని గీతలు కూడా తేలతాయి. మీరు చెప్పిన మచ్చల గురించి చివర్లో రాస్తాను, అసలు విషయం అక్కడే ఉందని నా అనుమానం.

త్రిభుజంలో బాణం ఇజెవ్స్క్ కర్మాగారం ముద్ర. నక్షత్రంలో బాణం ఉంటే తుల ఊళ్ళోని కర్మాగారానిది. 1941 చివర్లో జర్మన్ సేన తుల ముంగిటికి రావడంతో అక్కడి యంత్రాలను తూర్పుకు తరలించారు. అందుకే యుద్ధం నడిమి ఏళ్ళ 91/30లు మనకు ఎక్కువగా ఇజెవ్స్క్‌వే దొరుకుతాయి. 1943 అంటే మీ రిసీవర్ గుండ్రంగా ఉండాలి. 1930ల మధ్య వరకు వచ్చినవాటికి రిసీవర్ పైభాగం పలకలుగా ఉంటుంది, దాన్నే హెక్స్ అంటారు. మీదాని మీద వేలితో నిమిరి చూడండి, కత్తి నడిచిన గరుకు చారలు తగులుతాయి. యుద్ధం మధ్యలో నునుపు చేసే తీరిక లేదు, కాల్చగలిగితే చాలని పంపేశారు. తర్వాత ఆయుధాగారం వాళ్ళు కొత్త నలుపు (ఉక్కు మీది నల్లటి రక్షణ పొర) పట్టించారే గానీ ఆ చారల జోలికి పోలేదు. లోతైన పనిముట్టు చారలు, వాటి పైన అరగని కొత్త నలుపు: ఈ రెండూ ఒకే చోట కనబడితే రీఫర్బ్ అని దూరం నుంచే పోల్చుకోవచ్చు.

అడ్డగీత ఉన్న చతురస్రం ఆయుధాగారంలో మరమ్మతు అయిందనే ముద్ర. కర్ర మడమకు, అంటే భుజానికి ఆనే చివరకు, ఎడమ పక్క కూడా వెతకండి, చాలాసార్లు అక్కడా ఉంటుంది.

నంబర్ల సంగతి. 91/30కి నంబరు నాలుగు చోట్ల ఉంటుంది: బ్యారెల్, బోల్ట్, మ్యాగజైన్ అడుగు రేకు, మడమ రేకు. యుద్ధం అయ్యాక లక్షల రైఫిళ్ళు ఆయుధాగారాలకు చేరాయి. అక్కడ వాటిని విప్పి, భాగాలను పరీక్షించి, బాగున్నవాటితో మళ్ళీ కూర్చారు. ఒక రైఫిల్ బోల్ట్ మరో రైఫిల్‌కు వెళ్ళింది. కూర్చిన తర్వాత బ్యారెల్ నంబరును మిగతా మూడింటి మీదా వేశారు. పాత అంకెలను అరగదీసి కొత్తవి గుద్దడం ఒక పద్ధతి, పాతదాని మీద గీత కొట్టి పక్కన వేయడం ఇంకొకటి, విద్యుత్ కలంతో చేత్తో రాయడం మూడోది. మీదాంట్లో మొదటి రెండూ ఉన్నట్టున్నాయి. దీన్ని ఇంగ్లిష్‌లో ఫోర్స్ మ్యాచ్ అంటారు.

విలువ పోయిందా అన్నారు. యుద్ధంలో ఉన్నది ఉన్నట్టుగా మిగిలి, నాలుగు నంబర్లూ కర్మాగారంలో వేసినవే అయితే దానికి ఎక్కువ ఇస్తారు, నిజమే. కానీ మీ చేతిలో ఉన్నది చెడగొట్టిన అసలు కాదు. ఒక సైన్యం తన రైఫిల్‌ను ఎలా విప్పిందో, ఏది ఉంచిందో, ఏది మార్చిందో మొత్తం దాని మీదే రాసి ఉంది. నాకు రీఫర్బ్‌లంటే ప్రాణం. వాటిలో రెండు కాలాలు చదువుకోవచ్చు.

ఇక మచ్చలు. బోల్ట్ బయటికి తీసి, టార్చి వేసి, రిసీవర్ ఎడమ గోడ లోపలి వైపు చూడండి. అక్కడ కూడా అదే స్థానంలో రెండు వలయాలు కనబడితే తుప్పు కాదు, పూడ్చిన రంధ్రాలు. 1942 నుంచి స్నైపర్ 91/30లకు పీయూ అనే, 3.5 రెట్లు పెద్దగా చూపే స్కోప్ పెట్టారు. దాన్ని నిలిపే దిమ్మెను రిసీవర్ ఎడమ పక్కకే మరలతో బిగించేవారు. యుద్ధం అయ్యాక చాలావాటిని మామూలు రైఫిళ్ళుగా మార్చేశారు. స్కోప్, దిమ్మె తీసి, రంధ్రాల్లో బిరడాలు బిగించి, వెల్డింగ్ చేసి, చదును చేసి, నలుపు పట్టించారు. వెల్డ్ లోహం నలుపును ఒకేలా పట్టుకోదు, మీకు లీలగా కనబడుతున్నది ఆ తేడానే కావచ్చు. బ్యారెల్ మొదట్లో ఎడమ పక్క, కర్రకు కాస్త పైన, స్కోప్ నంబరు ఉందేమో కూడా చూడండి. మామూలుగా దాన్ని కొట్టేసి ఉంచుతారు.

రవి:
సుబ్బారావు గారూ, మీరు రీఫర్బ్‌ను మరీ ఎత్తుతున్నారని నాకనిపిస్తోంది. నేను ఫిన్లాండ్ పట్టుకున్నవి సేకరిస్తాను. నాలుగు గీతల గడిలో ఎస్ఏ అనే ఫిన్లాండ్ సైన్యపు ముద్ర ఉంటుందే, అవి. వాళ్ళూ మరమ్మతు చేశారు, కానీ పాత ఆనవాళ్ళు చాలా మిగిల్చారు. రిసీవర్ తోక అడుగున జార్ చక్రవర్తుల కాలపు ఏడాది ఉంటే అలాగే ఉంచేశారు. సోవియట్ రీఫర్బ్ పక్కన పెట్టుకుంటే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

సుబ్బారావు:
రవి గారూ, ఫిన్లాండ్ వాటి సంగతిలో మీతో పేచీ లేదు. కానీ ఒకే అచ్చు అన్నారు చూడండి, అక్కడ ఒప్పుకోను. కర్రలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి మడమ కింద మూల విరిగితే అంత మేరా కోసి, పావురం తోక ఆకారంలో కొత్త బర్చ్ ముక్క దిగ్గొట్టి ఉంటుంది. అతుకు గీత గోరుకు కూడా అందదు. ఇంకోదానికి కర్ర పూర్తిగా మార్చి, పలుచని పొరలు అతికించిన లామినేట్ కర్ర వేసి ఉంటుంది. ఆ పని చేసిన వడ్రంగి పేరు ఎక్కడా ఉండదు, చేతి పనితనం మాత్రం ఉంటుంది. నేను ఒక్కో రైఫిల్‌కు ముందు అతుకులు వెతుకుతాను, ఆ తర్వాతే నంబర్లు.

మాధవి:
కిరణ్ గారూ, పూత గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఆ ఎరుపు లక్క పూత. మరమ్మతులో వేసిందే, ఇసుక కాగితంతో తీసేస్తే కర్ర మీది ముద్రలూ, సుబ్బారావు గారు చెప్పిన అతుకుల అంచులూ దాంతోపాటే పోతాయి. తిరిగి తేలేరు.

గ్రీజు తుడిచేటప్పుడు ఆల్కహాల్ మాత్రం వాడకండి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. గుడ్డ ఎర్రగా మారుతుంటే మురికి వస్తోందని సంబరపడి ఇంకా రుద్దేవాళ్ళను చూశాను. కర్రను గోరువెచ్చటి చోట ఉంచితే గ్రీజు తానే మెత్తబడి పైకి తేలుతుంది, మెత్తటి గుడ్డతో తీయొచ్చు. లోహ భాగాలకు మినరల్ స్పిరిట్స్ (రంగు పలుచన చేసే ద్రావకం) చాలు. బోల్ట్ విప్పి లోపలి స్ప్రింగ్ వరకూ శుభ్రం చేయండి, చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, ఒక్క పొర కూడా మిగలకూడదు. గట్టిపడిన గ్రీజు ఉంటే కాల్చాక బోల్ట్ చేత్తో పైకి లేవదు, అందరూ రైఫిల్‌ను తిడతారు గానీ కారణం అదే.

కిరణ్:
మచ్చలు లోపల కూడా ఉన్నాయి! రెండూ సరిగ్గా గుండ్రంగా, చుట్టూ సన్నటి వలయంతో. ఎడమ పక్క బ్యారెల్ మీద ఒక చిన్న నంబరు, దాని మీద అడ్డంగా గీత. చేతులు వణికాయండీ. సుబ్బారావు గారూ, పీయూ స్కోప్ నకళ్ళు, దిమ్మెలు అమ్ముతున్నారు. రంధ్రాలు తెరిపించి మళ్ళీ స్నైపర్‌గా చేయించనా?

ఇంకో సంగతి. మూతి దగ్గర బ్యారెల్ లోపల మెలిక గాడులు లేవు. నున్నగా ఉంది. లోపలికి ఓ వేలెడు వెళ్ళాక మొదలవుతున్నాయి. పాడైపోయిందా?

సుబ్బారావు:
అభినందనలు కిరణ్ గారూ. లోపల వలయాలు, పక్కన కొట్టేసిన స్కోప్ నంబరు, రెండూ కలిశాయంటే మీది ఒకప్పటి స్నైపర్ రైఫిలే. ఇంత వివరంగా గమనించి రాసినందుకు సంతోషం.

తెరిపించవద్దు. గట్టిగానే చెబుతున్నాను. ఆ బిరడాలు ఆయుధాగారంలో వేసినవి, ఆ గీత అక్కడ కొట్టింది. ఇప్పుడు డ్రిల్లు పెడితే చరిత్రలో ఉన్న ఒక స్నైపర్ పోయి, నకలు స్కోప్ ఉన్న ఇంకో నకలు మిగులుతుంది. అలా చేసినవి ఇప్పటికే బోలెడు తిరుగుతున్నాయి, వాటిని అసలువని నమ్మి కొంటున్నవాళ్ళూ ఉన్నారు. పైగా వెల్డ్ చేసిన రిసీవర్ గోడను మళ్ళీ తొలచడం అంటే నాకు భయం కూడా.

మూతి గురించి కంగారు పడకండి, అది కౌంటర్‌బోర్. సైనికులు ఉక్కు కడ్డీతో మూతి వైపు నుంచే బ్యారెల్ తోమేవారు. ఏళ్ళ తరబడి కడ్డీ రాసుకుని మూతి అంచు అరిగిపోతుంది. తూటా బయటపడే ఆఖరి క్షణంలో గాడుల అంచు ఒక పక్క అరిగి ఉంటే, తూటా వెనక వాయువు ఆ పక్క నుంచే ముందు తప్పించుకుని తూటాను పక్కకు నెడుతుంది. ఆయుధాగారం వాళ్ళు బ్యారెల్ మార్చకుండా, అరిగినంత మేరా కొంచెం వెడల్పుగా తొలిచి, లోపల చెడని చోట కొత్త అంచు తెచ్చారు. ఇకపై మీరు మాత్రం చాంబర్ వైపు నుంచే తోమండి.

బ్యారెల్ మీద లాటిన్ అక్షరాల్లో కంపెనీ పేరు, ఊరి పేరు సన్నగా చెక్కి ఉంటే అది దిగుమతిదారు వేసింది, దాన్ని ఆయుధాగారం లెక్కలో కలపకండి.

కాల్చే ఉద్దేశం ఉంటే ముందు గన్‌స్మిత్‌తో (తుపాకులు బాగుచేసేవాడితో) హెడ్‌స్పేస్ గేజ్, అంటే మూసిన బోల్ట్‌కూ తూటా ఆనే చోటుకూ మధ్య ఖాళీ కొలిచే పనిముట్టు, పెట్టించండి. బోల్ట్ వేరే రైఫిల్‌ది కాబట్టి ఇది తప్పనిసరి. పాత సైనిక తూటాలు వాడితే ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే భాగం) వదిలే ఉప్పు నూనెలో కరగదు. అదే రోజు బ్యారెల్‌లోంచి వేడి నీళ్ళు పోసి, ఆరబెట్టి, అప్పుడు నూనె రాయండి. రైఫిల్‌తో పాటు చిన్న పనిముట్ల సంచి వచ్చి ఉంటే అందులో చదునైన స్క్రూడ్రైవర్ చూడండి, దాని అంచున 75, 95 అని రెండు గాడులు ఉంటాయి. బోల్ట్ విప్పి మళ్ళీ కూర్చిన ప్రతిసారీ ఫైరింగ్ పిన్ (తూటా అడుగును కొట్టే సూది) వదిలిన స్థితిలో ఆ గాడులను బోల్ట్ ముఖానికి ఆనించి జరపండి. 75కి పిన్ మొన తగలాలి, 95కి తగలకుండా జారిపోవాలి. అలా లేకపోతే పిన్‌ను వెనక నుంచి తిప్పి సరిచేసి, ఆ తర్వాతే తూటా పెట్టండి.