కోళ్ళు గూట్లోకి పోతలేవు, వేపచెట్టెక్కి పంటున్నయ్

కోదాడ_శ్రీను: పోయిన నెల సంతల నాటు పెట్టలు కొని తెచ్చి పాతవాటితో వదిలిన. పొద్దుగూకంగనే అన్నీ వాకిట్ల వేపచెట్టెక్కుతున్నయ్. పాతవి ఇదివరకు బుద్ధిగ గూట్లోకి పోయేటివి, ఇప్పుడు అవి సుత పోతలేవు. ఇటుకల గూడు, రేకుల కప్పు. ఎట్ల రప్పియ్యాలె?

గోదారి_గట్టు: తెచ్చిన రోజే వదిలేస్తే అంతేనండి. ఓ వారం పది రోజులు గూట్లోనే మేత, నీళ్ళు పెట్టి తలుపు తియ్యకండి. అదే తమ ఇల్లని వాటికి తెలియాలి. తర్వాత పొద్దు వాలడానికి ఓ గంట ముందు మాత్రం వదలండి, దూరం పోవు. పొద్దున మేత తగ్గించి, సాయంత్రం గూట్లో నూకలు చల్లండి. రోజూ ఒకటే పిలుపు. అప్పటికీ చెట్టెక్కితే బాగా చీకటి పడ్డాక దించండి, కోడికి రాత్రిపూట కళ్ళు సరిగా కనపడవు.

పాలమూరోడు: ఎందుకు దించుడు? అడవికోడి పండేది చెట్టు మీదనే. దాని సంతతే గద మన కోడి. పిల్లల కోడిని గంప కింద మూసి, తతిమ్మావాటిని వదిలెయ్.

గోదారి_గట్టు: అలాగే వదిలేయండి, పునుగుపిల్లి వచ్చి ఒక్కొక్కటే దించుకుపోతుంది.

పాలమూరోడు: మా దిక్కు అది తాటిచెట్టెక్కి కల్లు తాగుతది, కోడి జోలికి రాదు.

గోదారి_గట్టు: కల్లు తాగేది మానుపిల్లండి. పునుగుపిల్లి ఎక్కువగా నేల మీద తిరిగేది. అయినా రెండూ కోళ్ళని తింటాయి.

పాలమూరోడు: నేల మీద తిరిగేదైతే చెట్టు మీది కోడిని ఎట్ల దించుకపోతది? నువ్వే అన్నవ్.

చిట్టి_పెరడు: ఒక పక్క రెక్క ఈకలు కత్తిరించండి, ఎగరలేవు.

పాలమూరోడు: కుక్క ఎంటపడ్తే అప్పుడేం చేస్తది? మా తమ్ముడు ఇట్లనే రెక్కలు కోసి గూట్ల మూసిండు. రాత్రి కుక్కలు తలుపు పీకినయ్, తెల్లారేసరికి ఒక్కటి మిగల్లే. చెట్టు మీది నా కోళ్ళకు ఏం గాలే.

గోదారి_గట్టు: గడియ సరిగా లేకపోతే గూడేం చేస్తుందండి?

పాలమూరోడు: వనరాజాలు పెంచి నాటుకోడని అమ్మేటోళ్ళకు చెట్టు సంగతేం తెలుస్తది! అది బరువుకు కొమ్మ దాకా ఎగరనే ఎగరదు.

గోదారి_గట్టు: మాట జాగ్రత్త. వనరాజా అని చెప్పే అమ్ముతాను. రాజేంద్రనగర్ పరిశోధనా సంస్థ పెరట్లో పెంచుకోడానికే తీసిన రకం అది. మోసం చేసేవాళ్ళు వేరే ఉంటారు, నేను కాదు.

పాలమూరోడు: మా బావ పండక్కి నాటుకోడి రేటు పోసి తెచ్చిండు. కూరొండితే బాయిలర్ లెక్క ఉడికింది. గుర్తొస్తే ఇప్పటికీ మండుతది.

నల్లజర్ల_పద్మ: బావగారి కూర తర్వాత. శ్రీనుగారూ, కొత్తవాటి సంగతి సరే, అలవాటున్న పాత కోళ్ళు కూడా మానేశాయంటే గూట్లోనే ఏదో ఉంది. రాత్రి టార్చి వేసి, కోళ్ళు కూర్చునే కర్ర అడుగున, ఇటుకల సందుల్లో చూడండి. గసగసాలంత పురుగులుంటాయి. పగలంతా సందుల్లో నక్కి, రాత్రి కోడి నెత్తురు తాగుతాయి. ఇంకోటి అడుగుతా, అందరూ చెప్పాలి. మీ ఇళ్ళలో గూడు ఊడ్చేదెవరు?

గోదారి_గట్టు: మాకు మనిషి ఉందండి.

పాలమూరోడు: చెట్టుకు ఊడ్చుడేంది?

నల్లజర్ల_పద్మ: చెట్టుకింద రెట్టలు ఊడవక్కర్లేదా? పొద్దున్నే మీరే ఊడుస్తున్నారా, అమ్మగారా? పైన మేతా పిలుపూ అని ఇంత రాశారు, చీపురు మాట ఒక్కరూ ఎత్తలేదు. మా ఇంట్లో ఈ గొడవ పడీ పడీ ఆయన కోళ్ళు ఆయనకే వదిలేశాను.

పాలమూరోడు: మా అవ్వ ముచ్చట నీకెందుకమ్మా?

కోదాడ_శ్రీను: అక్కా, చూసిన. కర్ర కింద వేలు రాస్తే ఎర్రగ అంటింది. మా ఇంటామెను అడిగితే, సంక్రాంతి కాడ్నుంచి గూడు ముట్టలేదంట. “కోళ్ళు నీవి, పెంట నాదా?” అన్నది.

నల్లజర్ల_పద్మ: సరిగ్గా అంది. కోళ్ళు చెట్టు మీదే ఉన్నా ఆ పురుగులు చావవు, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. కర్ర తీసి ఎండలో పడేయండి, లేదా కాల్చేసి కొత్తది వేయండి. పెంటంతా ఎత్తి, గూడు కడిగి ఆరనిచ్చి, సందులు పూడేలా సున్నం కొట్టండి. పురుగుల గుడ్లు పగిలి మళ్ళీ వస్తాయి కాబట్టి వారానికోసారి టార్చితో చూడాలి. కర్ర రెండంగుళాల వెడల్పుండి, గుడ్లు పెట్టే తట్టల కన్నా ఎత్తులో ఉంటే తట్టల్లో పడుకోవు. పొద్దుగూకే వేళ లోపల చిన్న బల్బు వేయండి, చీకటి గూట్లో అడుగు పెట్టడానికి జంకుతాయి. ఆ తర్వాతే గట్టుగారు చెప్పినట్టు మూసి ఉంచండి. ఊడ్చేది మాత్రం మీరే.

కోదాడ_శ్రీను: సరే అక్కా. సున్నం ఆరినంకనే లోపలికి తోల్త.

పాలమూరోడు: చెట్టు మీద పురుగులుండవని నేను ముందే చెప్పిన.

గోదారి_గట్టు: ఎక్కడ చెప్పారండీ? మీరు చెప్పింది కల్లు సంగతి.

పాలమూరోడు: వనరాజా కిలో ఎంతకు అమ్ముతున్నవో అది చెప్పు ముందు.