పాత సిస్టమ్‌కి విండోస్ 11 బలవంతంగా ఎక్కించాలా, లినక్స్ మింట్ వేసుకోవాలా?

పర్లాకిమిడి అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి కంప్యూటర్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయని తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఇదే చర్చ. బజారులో సిస్టమ్‌లు బాగుచేసే ఆయన "పదకొండు ఎక్కించేస్తాను, సాయంత్రానికి పట్టుకెళ్లిపోండి" అన్నాడు. మా పెదనాన్నగారి అబ్బాయి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోమంటాడు. చెల్లి చదువు ఒడియాలో, నాన్న ఉత్తరాలు తెలుగులో. రెండూ టైప్ అవ్వాలి. ఏం చెయ్యమంటారు?

బరంపురం డీటీపీ:
తమ్ముడూ, విండోస్ వదలొద్దు. ఇక్కడ ఏళ్ల తరబడి పెళ్లి కార్డులు చేస్తున్నాను, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. తెలుగు టైపింగుకి అను సాఫ్ట్‌వేర్, ఒడియాకి ఆకృతి, పేజీ కట్టడానికి పేజ్‌మేకర్. అన్నీ విండోస్ మీద నడిచేవే. నీ సిస్టమ్‌లో విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోయినా ఫర్వాలేదు, రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు ఆ తనిఖీ తీసేసే టిక్కు ఉంటుంది. నా రెండో మిషన్ అలాగే పనిచేస్తోంది. నాన్నగారి చేతికి అలవాటైన కీబోర్డు ఈ వయసులో మార్చొద్దు.

గుణుపురం మాస్టారు:
డీటీపీ అన్నగారు తన షాపు గురించి చెప్పినదంతా నిజం. అను మీద బతుకుతున్నవాళ్లు లినక్స్‌కి రావాలని నేనూ అనను. కానీ బాబూ, మీది ఇల్లు, షాపు కాదు.

టిక్కు పెట్టి పదకొండు ఎక్కిస్తే ఎక్కుతుంది. ఆ తర్వాత సంగతి చూడండి. అర్హత లేని మిషన్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ దానంతటది రాదు, మళ్లీ పెన్‌డ్రైవ్ పట్టుకోవాల్సిందే. 4 జీబీతో, పాత హార్డ్ డిస్క్‌తో అది ఈడ్చుకుంటూ నడుస్తుంది.

నాకు అసలు భయం వేరే. మా వీధిలో ఒకరు షాపులో ఇలాగే వేయించుకున్నారు. "నెమ్మదిగా ఉంది, చూడండి మాస్టారూ" అంటే కూర్చున్నాను. విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్ సెట్టింగుల్లో మినహాయింపుల జాబితా తెరిస్తే అందులో ఒక ఫోల్డర్ ఉంది. లోపల యాక్టివేటర్. దొంగ లైసెన్సు పనిచేయడం కోసం ఆ ఫోల్డర్ జోలికి వెళ్లొద్దని డిఫెండర్‌కి చెప్పేశారు. వాళ్లు అదే సిస్టమ్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతున్నారు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇక కీబోర్డు. అనులో కొట్టిన తెలుగు నిజానికి వేరే సంకేతాలకు తెలుగు రూపం తొడిగినది, ఆ ఫాంట్ లేనిచోట పిచ్చి గీతలే కనిపిస్తాయి. అన్నిచోట్లా ఒకేలా కనిపించే ప్రామాణిక సంకేతాలు, అంటే యూనికోడ్‌లో ఆ బాధ లేదు. పైగా ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు లేఅవుట్‌లో కె నొక్కితే తెలుగులోనూ క, ఒడియాలోనూ క. ఎల్ మీద త, జె మీద ర. తండ్రీ కూతురూ ఒకే అమరిక నేర్చుకుంటారు. మన సరిహద్దు ఇళ్లకి ఇంతకంటే ఏం కావాలి? ఇది విండోస్‌లోనూ ఉంది, మింట్‌లోనూ ఉంది.

నా మాట: ముందు ఫోటోలు, కాగితాలు బయటి డిస్క్‌లోకి తీసుకోండి. మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి, ఏదీ చెరగదు. వైఫై కనబడకపోతే కంగారుపడొద్దు, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది, అప్పుడు మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిచి వైఫై డ్రైవర్ వేసుకోండి. ప్రింటర్ కూడా అప్పుడే తేల్చుకోండి, కొన్ని పాత లేజర్ ప్రింటర్లు లినక్స్‌లో బాగా సతాయిస్తాయి. హార్డ్ డిస్క్ కంటే వేగంగా నడిచే చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనండి. మిషన్ వేగం మారేది దాంతోనే. ఇన్‌స్టాల్ చేసే రోజు కరెంటు సంగతి చూసుకోండి, పార్టిషన్లు చేస్తుండగా పోతే ఉన్న డేటాకే ముప్పు.

బరంపురం డీటీపీ:
యాక్టివేటర్ విషయంలో మాస్టారితో ఏకీభవిస్తాను, నాది కొన్న లైసెన్సే. కానీ పదేళ్ల పాత ఫైళ్లు ఎవరు మార్చుకుంటారు? మైక్రోసాఫ్ట్ పొడిగింపు అప్‌డేట్ల పథకం ఈఎస్‌యూలో చేరితే విండోస్ 10కే 2026 అక్టోబరు 13 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఆ దారి కూడా ఆ అబ్బాయికి చెప్పాలి కదా.

గుణుపురం మాస్టారు:
చెప్పాల్సిందే. తొందరపడి ఉన్నది చెరిపేసేకంటే అది నయం.

పర్లాకిమిడి అబ్బాయి:
ఎస్‌ఎస్‌డీ పెట్టి దాని మీద మింట్ వేశాను. పాత డిస్క్‌లో విండోస్ అలాగే ఉంచాను, నాన్న అను ఫైళ్ల కోసం. దానికి నెట్ ఇవ్వను. మీరన్నట్టే వైఫై మొదట రాలేదు, ఫోన్‌తో గట్టెక్కాను. ఒక ఇబ్బంది: మింట్ వాడి విండోస్‌కి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక చూపిస్తోంది. మదర్‌బోర్డు బ్యాటరీ పోయిందా?

గుణుపురం మాస్టారు:
బ్యాటరీ పోతే తేదీయే ఎప్పటికో వెళ్లిపోతుంది. ఇది అది కాదు. బోర్డులోని గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ కాలంలో పెడుతుంది, విండోస్ దాన్ని మన కాలం అనుకుంటుంది. తేడా సరిగ్గా ఐదున్నర. మింట్‌లో హార్డ్‌వేర్ గడియారం స్థానిక కాలంలో ఉండేలా ఒక్కసారి మార్చండి, సరిపోతుంది.

పర్లాకిమిడి అబ్బాయి:
సరైంది, చాలా థాంక్స్ మాస్టారూ. నాన్న పక్కనే కూర్చుని ఒత్తులు ఎలా పడతాయని అడుగుతున్నారు.

గుణుపురం మాస్టారు:
ఒత్తుకి డి. "అమ్మ" రాయాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. పాపకి కూడా చూపించమనండి, ఒడియాలోనూ ఇవే మీటలు.