లాగే కుక్కకు ఏది కట్టాలి: చోక్ చైనా, హార్నెస్సా?

చిన్నా వాళ్ల అమ్మ:
మా చిన్నాకు తొమ్మిది నెలలు. లాబ్రడార్, 29 కిలోలు. పోయిన ఆదివారం పొద్దున మా అత్తగారు వాణ్ణి కిందికి తీసుకెళ్లారు. గేటు దగ్గర పిల్లి కనబడింది. ఇంకేముంది, వాడు ఒక్క దూకు దూకాడు, ఆవిడ మోకాళ్ల మీద పడ్డారు. తాడు మాత్రం వదల్లేదు. శిక్షణ ఇచ్చే ఆయన రెండు నెలల క్రితమే వాడి మెడకు చోక్ చైన్ వేశారు, అదే లాగితే బిగిసే గొలుసు. అయినా లాగుతూనే ఉన్నాడు, పైగా దగ్గు మొదలైంది. ఇప్పుడు ఆయన ముళ్ల కాలర్ తెమ్మంటున్నారు. మా ఆడపడుచేమో మెడకు కాకుండా ఒంటికి తొడిగే పట్టీలు, హార్నెస్ కొనమంటోంది. మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు, వీధిలో ఏడెనిమిది కుక్కలున్నాయి. ఏది కొనాలి?

ముధోల్ మామ:
ముళ్ల కాలర్ జోలికి వెళ్లకండి. జర్మనీలో 2022 జనవరి నుంచి శిక్షణలో దాని వాడకం నిషేధం. జర్మన్ షెపర్డ్ పుట్టిన దేశంలోనే వద్దన్నది మన లాబ్రడార్‌కు ఎందుకు? కరెంటు షాక్ కాలర్లనైతే వేల్స్‌లో 2010లోనే నిషేధించారు. హార్నెస్ కొనండి. ఇందులో చర్చ ఏమీ లేదు.

పాతకాపు:
చర్చ ఎందుకు లేదండీ? జర్మనీ వీధుల్లో ఊరకుక్కల గుంపులు తిరగవు. మన సందుల్లో నాలుగు కుక్కలు ఒక్కసారి మీదికి వచ్చాయనుకోండి, మన కుక్క తల ఎటు తిరగాలన్నది మన చేతిలో ఉండాలి. హార్నెస్‌లో తల దాని ఇష్టం, బరువు మన భుజానిది. ముళ్ల కాలర్ నాకూ నచ్చదు. చోక్ చైన్ వేరు. చిన్న కుదుపు, వెంటనే వదులు. పని చేసేది నొప్పి కాదు, ఆ గొలుసు చప్పుడు. కొన్నాళ్లకు చప్పుడు వినగానే కుక్క పక్కకు వచ్చేస్తుంది. ముప్పై ఏళ్లలో నాలుగు కుక్కలకు అలాగే నేర్పాను, ఒక్కదాని మెడా పాడవలేదు.

రిటైరైన పశువైద్యుణ్ణి:
పాతకాపు గారి కుక్కల మెడలు పాడవలేదంటే అది ఆయన చేతి గొప్ప, గొలుసు గొప్ప కాదు. అదే గొలుసు కుదుపు తెలియని చేతిలో పడితే రోజంతా బిగిసే ఉంటుంది. మెడ ముందువైపు శ్వాసనాళం, దానికి ఆనుకునే థైరాయిడ్ గ్రంథి ఉంటాయి. లాగే కుక్క ఆ బరువంతా అక్కడే వేస్తుంది. పగ్‌కు ఊపిరి తీసుకోవడమే కష్టం, పమేరియన్ లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి అణిగిపోయే జబ్బు ఉంది. అలాంటివాటికి మెడకు కట్టి నడిపించడమే తప్పు. చిన్నా దగ్గు గొలుసు వల్లే అని మాత్రం తేల్చేయకండి, అంటు దగ్గు కూడా కావచ్చు. ముందు డాక్టరుకు చూపించండి.

ఇంకొకటి. కుక్క మీ ఎడమవైపు నడుస్తుంటే, దానికి ఎదురుగా నిలబడి తల మీదుగా గొలుసు వేసేటప్పుడు అది ఇంగ్లిష్ అక్షరం ‘పి’లా కనబడాలి. తిరగేసి వేస్తే బిగుస్తుంది గానీ వదులు కాదు. ఒకసారి చూసుకోండి.

మూడో అంతస్తు:
మీరంతా మెడ గురించే మాట్లాడుతున్నారు. కుక్క రోజుకు ఎంతసేపు బయట తిరుగుతోందో ఎవరూ అడగలేదు. ఇరవై మూడు గంటలు బాల్కనీలో కట్టేసి, పావుగంట కిందికి తెస్తే అది లాగక ఏం చేస్తుంది? 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోనే ఉంది. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడమూ నేరమే.

చిన్నా వాళ్ల అమ్మ:
మేము కట్టేయమండీ, ఇల్లంతా వాడిదే. సోఫాతో సహా.

కాడెద్దు:
హార్నెస్ కొనమనేవాళ్లు ఏ హార్నెస్సో చెప్పరు. మంచు మీద బండ్లు లాగే కుక్కలకు వేసేదీ హార్నెస్సే! తాడు తగిలించే రింగు వీపు మీద ఉన్నది వేశామంటే కాడి కట్టినట్టే. కాడి కట్టిన ఎద్దు ఏం చేస్తుంది? మేము మొదట కొన్నది అలాంటిదే. నెల తిరక్కుండా మావాడు నన్ను వీధి చివర చికెన్ కొట్టుకు ఈడ్చుకెళ్లడంలో ఆరితేరాడు. రొమ్ము మీద రింగు ఉన్నది కొనండి, లాగితే ఒళ్లు పక్కకు తిరిగి ముఖం మీ వైపు వస్తుంది. భుజాలకు అడ్డంగా పట్టీ ఉన్నది వద్దు, ముందు కాళ్లు సరిగ్గా చాపలేదు.

అత్తగారికి మరీ కష్టమైతే మూతి మీదుగా వేసే హాల్టర్ ఉంది. ముకుతాడు లాంటిదే, ముక్కు కుట్టడం ఉండదు. కాకపోతే అలవాటు చేయడానికి రోజులు పడుతుంది. పిల్లిని చూసి ఒక్కసారిగా దూకే కుక్కకు తల విసురుగా తిరిగి మెడ పట్టేయవచ్చు.

ముధోల్ మామ:
వీపు రింగు సంగతి ఒప్పుకుంటున్నాను, హడావుడిగా రాశాను. నిజానికి మా ఇంట్లో వాడేది హార్నెస్ కాదు. ముధోల్ కుక్కకు తల సన్నం, మెడే లావు. దీపావళి రాత్రి ఎవరో పక్కనే టపాసు పేల్చారు. మాది వెనక్కి రెండడుగులు వేసి తల వంచింది, నా చేతిలో బెల్టు మిగిలింది. రెండు గంటల తర్వాత నీళ్ల ట్యాంకు కింద దొరికింది. అప్పటి నుంచి మార్టింగేల్ కాలర్ వేస్తున్నాం. లాగితే కొంతవరకే బిగుస్తుంది. తల మీదుగా ఊడదు, గొంతూ నొక్కదు.

పాతకాపు:
అంటే సగం చోక్ చైన్ అన్నమాట.

ముధోల్ మామ:
సగమే. ఆ మిగతా సగంతోనే నా పేచీ.

చిన్నా వాళ్ల అమ్మ:
డాక్టరు గారూ, గొలుసు తిరగేసే ఉంది. రెండు నెలలుగా! వేలుపెట్టి లాగి వదిలితే బిగిసిన చోటే ఆగిపోయింది. తీసి చూస్తే గొంతు కింద వేలెడు వెడల్పున బొచ్చు ఊడిపోయి చర్మం కనబడుతోంది. ఏడుపొచ్చింది. దగ్గుకు మందు రాయించుకున్నాం. రొమ్ము రింగు హార్నెస్ తెచ్చాం, ఒక సైజు మార్చాల్సి వచ్చింది. మొదటిది చంకల్లో ఒరుసుకుంది.

లాగినప్పుడల్లా ఆగిపోతున్నాను. తాడు వదులైతేనే అడుగు వేస్తున్నాను, నా ఎడమ తొడ పక్కకు వస్తే ఉడికించిన చికెన్ ముక్క పెడుతున్నాను. నిన్న వీధి చివరికి వెళ్లేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఇస్త్రీ బండి ఆయన ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగారు.

పాతకాపు:
గొలుసు తిరగేసి వేశారంటే మీ శిక్షకుడికి పని రాదు. గొలుసును మాత్రం నేను ఇప్పటికీ తప్పుపట్టను. సరే, ఒక మాట అడగాలి. అత్తగారు పడినా తాడు వదల్లేదన్నారు. చేతికి చుట్టుకున్నారా?

చిన్నా వాళ్ల అమ్మ:
అవును, రెండు చుట్లు.

పాతకాపు:
ఆవిడ వదలకపోవడం కాదు, వదల్లేకపోయారు. తాడు చివరి ఉచ్చులో బొటనవేలు పెట్టి గుప్పిట మూయమనండి, రెండో చేత్తో మధ్యలో పట్టుకోమనండి. మెడకు ఏది కట్టినా ఇది మాత్రం మార్చకండి.

చిన్నా వాళ్ల అమ్మ:
చెప్పాను. ఆవిడ చిన్నా లేకుండా ఉత్త తాడును తలుపు గొళ్లేనికి కట్టి సాధన చేస్తున్నారు.