జెట్టీ పూడిపోతోంది, ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా నాన్నగారి మరపడవ నిలిపే జెట్టీ దగ్గర ఇసుక మేట వేసింది. నీరు తీసిన వేళ పడవ అడుగు నేలకు రాసుకుంటోంది. పోటు వచ్చేదాకా చేపలు దించలేము, ఈలోగా పెట్టెల్లో ఐసు కరిగిపోతుంది. ఒక కార్యాలయానికి వెళితే అది పక్కవాళ్ల పని అంటారు, అక్కడికి వెళితే మళ్లీ ఇక్కడికే పొమ్మంటారు. రేవుల పాలన రాష్ట్రాల చేతికి వచ్చిందంటున్నారు కదండీ, మరి ఎవరిని అడగాలి?

జవాబు: ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోండి. రాజ్యాంగంలో పెద్ద రేవులు కేంద్ర జాబితాలో, మిగతావి ఉమ్మడి జాబితాలో, చేపల వేట రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. విశాఖ చేపల రేవు కేంద్రం కిందున్న పోర్టు ప్రాంతంలో ఉంది. నిజాంపట్నం, మచిలీపట్నం చేపల రేవులు రాష్ట్రానివి.

2021లో వచ్చిన పెద్ద రేవుల చట్టం రుసుములు, భూముల వాడకం నిర్ణయించే అధికారాన్ని ఆయా రేవుల బోర్డులకే ఇచ్చింది. నిర్ణయం ఢిల్లీ నుంచి రేవు దాకా రావడం మంచిదే. కానీ బోర్డులో రాష్ట్రానికి, రైల్వేకు, రక్షణ శాఖకు, కస్టమ్స్‌కు, పోర్టు ఉద్యోగులకు చోటు రాసిన ఆ చట్టం మత్స్యకారులకు రాయలేదు. నాకు కడుపు రగిలేది అక్కడే. మేట వేసిందని ఆ బల్ల ముందు చెప్పేవారే లేరు.

అందుకే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జెట్టీ నేల ఎవరి పేరున ఉంది, పూడిక తీసే బాధ్యత ఏ ఒప్పందం ప్రకారం ఎవరిది, చివరిసారి ఎప్పుడు తీశారు? ఈ మూడూ అడగండి. ‘మాది కాదు’ అని కాగితం తిరిగి ఇవ్వడం కుదరదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి వాళ్లే పంపాలి. జవాబుకు గడువు 30 రోజులు.

ప్రశ్న: నాన్నగారికి రాయడం రాదండీ. ఆయన పేరుతోనే పెట్టాలని ఉంది.

జవాబు: తప్పకుండా పెట్టవచ్చు. నోటితో చెప్పినా కాగితం మీద పెట్టడానికి అధికారి సాయపడాలని ఆ చట్టమే చెబుతోంది. నీరు బాగా తీసినప్పుడు తాడుకు రాయి కట్టి లోతు కొలవండి, తేదీతో ఫోటో తీయండి. సమాధానం చేతికి రాగానే దాన్ని, ఈ ఫోటోలను జతచేసి పడవల యజమానులంతా కలిసి వినతిపత్రం ఇవ్వండి. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే పడవలన్నీ ఒక్కసారే జెట్టీకి చేరతాయి. ఆలోపే పూడిక తీయించుకోవాలంటే దరఖాస్తు ఈ వారమే వేయండి.