వఖావ్ వైన్: ఒకే ద్రాక్ష, ఒకే కంపెనీ, ధర మాత్రం మూడింతలు ఎందుకు?

గోదారి_టు_వియన్నా:

అందరికీ నమస్తే. వియన్నాలో ఉద్యోగం, వచ్చి ఏడాది దాటింది. అక్టోబర్ మొదటివారంలో హైదరాబాద్ నుంచి అక్క, బావగారు వస్తున్నారు. బావగారికి వైన్ అంటే బాగా సరదా, నాకేమో ఎరుపు, తెలుపు తప్ప ఏమీ తెలీదు. డాన్యూబ్ ఒడ్డున వఖావ్ అనే లోయ ఉందని, ఆస్ట్రియాలో మంచి వైట్ వైన్ అక్కడిదేనని ఆఫీసులో అందరూ చెప్తే అక్కడికి తీసుకెళ్దామనుకుంటున్నా.

ముందు ఒక సీసా రుచి చూద్దామని సూపర్‌మార్కెట్‌కి వెళ్లి అక్కడే ఇరుక్కుపోయా. రెండు సీసాలూ వఖావ్‌వే, రెండూ గ్రూనర్ వెల్ట్‌లీనర్ ద్రాక్షే, కంపెనీ ఒకటే, సంవత్సరమూ ఒకటే. ఒకదాని మీద ఫేడర్‌ష్పీల్ అని, ఇంకోదాని మీద స్మరాగ్ద్ అని ఉంది, స్మరాగ్ద్ ధర మాత్రం దాదాపు మూడింతలు. అది తియ్యగా ఉంటుందా, ఎక్కువ కాలం నిలవ ఉంచినదా, లేక ఊరికే పేరు చెప్పి లాగుతున్నారా? ఇంకోటి, అక్క తాగదు, ఇద్దరూ శాకాహారులు, అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా? పైగా ఆస్ట్రియా వైన్‌లో ఏదో కెమికల్ కలిపారట కదా అని బావగారు ఇప్పటికే ఫోన్‌లో ఏడిపిస్తున్నారు, దానికి ఏం జవాబు చెప్పాలో కూడా చెప్పండి.

క్రెమ్స్_గట్టు:

తియ్యదనానికీ దీనికీ సంబంధం లేదండీ, రెండూ డ్రై, అంటే తీపి లేని వైన్లే. తేడా అంతా ద్రాక్ష ఎంత పండాక కోశారన్నదే. 1983లో ఇక్కడి రైతులు కొందరు వినేయా వఖావ్ అని ఒక సంఘం పెట్టుకుని, తర్వాత కొన్నేళ్లలో తమ వైట్ వైన్లని మూడు తరగతులు చేశారు. ష్టైన్‌ఫేడర్ అంటే ఆల్కహాల్ 11.5 శాతం దాటకూడదు, తేలిగ్గా ఉంటుంది, ఇప్పుడు ఎండలు పెరిగి ద్రాక్ష త్వరగా పండిపోతోంది కాబట్టి షాపుల్లో తక్కువే కనిపిస్తుంది. ఫేడర్‌ష్పీల్ 11.5 నుంచి 12.5 వరకు. స్మరాగ్ద్ 12.5 నుంచి పైకి. ఈ మెట్ల పొలాల రాళ్ల మీద ఎండ కాచుకునే పచ్చ బల్లి పేరే దానికి పెట్టారు. సంఘం నియమం ప్రకారం చేత్తోనే కోయాలి, ఆల్కహాల్ పెరగడానికి బయటి నుంచి చక్కెర కలపకూడదు.

ఇక ధర సంగతి. స్మరాగ్ద్ కోసం ద్రాక్షని అక్టోబర్ చివరిదాకా, కొన్నేళ్లు నవంబర్‌లోకి కూడా తీగ మీదే వదిలేస్తారు. ఈలోపు వాన పడి కుళ్లిందంటే ఆ పంట పోయినట్టే, ఆ రిస్కు ధరలో ఉంటుంది. దానికి తోడు మంచి పొలాలన్నీ నిటారు కొండల మీద, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడల మధ్య ఉంటాయి. ఆ మెట్లలోకి ట్రాక్టర్ వెళ్లే దారే ఉండదు, చాలాచోట్ల మనిషే ఎక్కాలి, మనిషే మోయాలి, చలికాలంలో గోడ కూలితే మళ్లీ చేత్తోనే కట్టాలి. చదును నేల మీద రైతు ఒక పూటలో ముగించే పని వీళ్లకి రోజులు పడుతుంది. 2000లో యునెస్కో ఈ లోయని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు చూసింది కూడా కోటలు, మఠాలతో పాటు ఈ మెట్లనే. అన్నీ కలిపి ద్రాక్ష తోటలు 1,300 హెక్టార్లు ఉంటాయేమో, అంతే. సరుకు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ.

కెమికల్ సంగతి నిజమే. 1985లో బయటపడింది. చవక వైన్‌ని ఖరీదైన తీపి వైన్‌లా చూపించడానికి కొందరు వ్యాపారులు డైఇథిలీన్ గ్లైకాల్ కలిపారు. దెబ్బకి ఎగుమతులు పడిపోయాయి, మచ్చ దేశం మొత్తానికి అంటుకుంది. అదే ఏడాది చాలా కఠినమైన వైన్ చట్టం తెచ్చారు. ఇప్పుడు క్వాలిటీ వైన్ ఏదైనా ప్రభుత్వ పరీక్ష దాటితేనే ఆ పేరుతో అమ్మకానికి వెళ్తుంది. మూత మీద ఎరుపు-తెలుపు-ఎరుపు పట్టీ, లేబుల్ మీద పరీక్ష నంబర్ ఉంటాయి, బావగారికి అవి చూపించండి చాలు. ఆ గొడవ వల్లే వఖావ్ వాళ్లు నియమాలు పెట్టుకున్నారని కొందరు రాస్తుంటారు, తేదీలు చూస్తే సంఘం దానికి రెండేళ్ల ముందే పుట్టింది.

చెట్నీ_విత్_రీస్లింగ్:

స్మరాగ్ద్ అంటే బెస్ట్ అనుకుని మాత్రం కొనకండి బ్రదర్. అది ద్రాక్ష పక్వానికి గుర్తు, క్వాలిటీకి ర్యాంకు కాదు. పైగా ఆ పేర్లు వాడే హక్కు సంఘం సభ్యులకే ఉంది. సంఘంలో లేని మంచి రైతులూ ఉన్నారు, వాళ్ల సీసాల మీద బల్లీ ఉండదు, ఏమీ ఉండదు. నేనైతే ముందు పొలం పేరు చూస్తా. లేబుల్ మీద రీడ్ అని ఉండి పక్కన ఆఖ్‌లైటెన్ అనో, లోయిబెన్‌బర్గ్ అనో ఉంటే ఆ ఒక్క పొలం ద్రాక్షే అని అర్థం. 2020 పంట నుంచి వఖావ్ డీఏసీ అని, ప్రాంతం పేరుతో అమ్మే వైన్‌కి నియమాలు పెట్టే కొత్త చట్టం వచ్చింది కదా, దాని ప్రకారం పొలం పేరుతో అమ్మే వైన్‌కి రెండే ద్రాక్షలు ఒప్పుకుంటారు, గ్రూనర్, రీస్లింగ్.

మన ఇంటి తిండితో తాగేటట్టయితే ఫేడర్‌ష్పీలే తీసుకోండి. ఆల్కహాల్ పెరిగేకొద్దీ మిరపకాయ మంట ఇంకా రగులుతుంది, గుత్తి వంకాయతో పద్నాలుగు శాతం స్మరాగ్ద్ పెట్టుకుంటే రెండిటికీ అన్యాయమే. పులిహోరతో చల్లటి ఫేడర్‌ష్పీల్ మాత్రం భలే కుదురుతుంది. డబ్బు చూసుకోవాలంటే పక్కనే క్రెమ్స్‌టాల్, కాంప్‌టాల్ అనే వైన్ ప్రాంతాలు ఉన్నాయి, ద్రాక్షలు అవే, వఖావ్ పేరుకి కట్టే అదనం ఉండదు. క్రెమ్స్ గారికి కోపం రావచ్చు, అయినా చెప్తున్నా.

పందిరి_కింద:

నేను తెలంగాణలో హార్టికల్చర్ చదివి, ఇప్పుడు జర్మనీలో ద్రాక్ష మీదే పని చేస్తున్నా. ఒక విషయం ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నా. హైదరాబాద్ చుట్టూ పండిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష చూసి పెరిగినవాళ్లకి ఈ గ్రూనర్ గుత్తి చూపిస్తే ఇదేంటి, ఇంత చిన్న పండ్లా అంటారు. తినే ద్రాక్షకి పండు పెద్దదిగా, నీళ్లుగా, తొక్క పల్చగా ఉండాలి. వైన్ ద్రాక్షకి పండు చిన్నదైతేనే మంచిది, రసంతో పోల్చితే తొక్క ఎక్కువ పడుతుంది, వాసన చాలావరకు ఆ తొక్కలోనే ఉంటుంది. గ్రూనర్‌లో అందరూ చెప్పే మిరియం ఘాటుకి కారణం రొటుండోన్ అనే పదార్థం, మన మిరియాల్లో ఉండేదీ అదే.

దక్కన్‌లో తీగకి చలికాలపు నిద్ర ఉండదు కాబట్టి ఏడాదికి రెండు కత్తిరింపులు, ఏప్రిల్‌లో ఒకటి, కాయ కోసం అక్టోబర్‌లో ఇంకోటి. వఖావ్‌లో తీగ చలికి ఆకు రాల్చి పడుకుంటుంది, చలికాలంలో ఒకే కత్తిరింపు, జూన్‌లో పూత, సెప్టెంబర్ నుంచి కోత. అసలు కిటుకు కోతకి ముందు వారాల్లో ఉంది. తూర్పున హంగరీ మైదానాల నుంచి వెచ్చటి గాలి పగలు లోయలోకి వస్తుంది, రాత్రి ఉత్తరాన వాల్డ్‌ఫియర్టెల్ అడవుల నుంచి చల్లగాలి దిగుతుంది. పగటి ఎండకి చక్కెర పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు కరగకుండా నిలుస్తుంది. అందుకే పదమూడు శాతం ఆల్కహాల్ ఉన్నా నోట్లో చప్పగా పడుకోదు. మన దగ్గర రాత్రులు కూడా వెచ్చగా ఉండి ఆ పులుపు ముందే ఖర్చైపోతుంది.

నేల కూడా చూడాలి. పై మెట్లలో నైస్ రాయి, మట్టి పల్చన, నీళ్లు నిలవవు, అది రీస్లింగ్‌కి ఇస్తారు. కింద గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న లోయెస్ మట్టి, నీళ్లు పట్టి ఉంచుతుంది, దాహం ఎక్కువున్న గ్రూనర్‌కి అది. వాన కూడా పెద్దగా లేదు, ఏడాదికి 500 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అంటే అనంతపురానికి అటూఇటూ. పై మెట్లలో డ్రిప్ పైపులు కనబడితే ఆశ్చర్యపోకండి.

గ్రూనర్ పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. డీఎన్ఏ పరీక్షల్లో దాని తల్లిదండ్రుల్లో ఒకటి ట్రమీనర్ అనే ద్రాక్ష అని తేలింది, రెండోది ఏదో చాలాకాలం దొరకలేదు. 2000లో ఆస్ట్రియాలోనే బుర్గెన్‌లాండ్‌లో సాంక్ట్ గెయోర్గెన్ అనే ఊళ్లో వదిలేసిన ఒకే ఒక ముసలి తీగ కనిపించింది, తర్వాత పరీక్షల్లో అదేనని తేలింది.

గోదారి_టు_వియన్నా:

అందరికీ థ్యాంక్స్, పందిరి గారూ మీది బావగారికి ఫార్వర్డ్ చేసేశా. మరి కారులో వెళ్లాలా, ట్రైనా? అక్క సంగతి కూడా చెప్పండి.

క్రెమ్స్_గట్టు:

కారు వద్దు, ఇక్కడ బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి వెయ్యికి 0.5, కొత్త లైసెన్స్ అయితే 0.1, తాగేది మీరిద్దరూ. వియన్నా ఫ్రాంజ్-యోసెఫ్స్-బాన్‌హోఫ్ నుంచి క్రెమ్స్‌కి గంట చిల్లర ట్రైను, అక్కడి నుంచి బస్సులో డ్యూర్న్‌ష్టైన్, వైసెన్‌కిర్‌ఖెన్, ష్పిట్స్ వరుసగా వస్తాయి. డ్యూర్న్‌ష్టైన్‌లో కొండ మీద శిథిలమైన కోట ఉంది, ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ని 1192లో పట్టుకుని అందులోనే పెట్టారు, ఎక్కడానికి అరగంట చాలు, లోయంతా కనిపిస్తుంది, అక్కకి నచ్చుతుంది. ష్పిట్స్ నుంచి అవతలి ఒడ్డుకి ఇంజిన్ లేని బల్లకట్టు ఉంది, తాడుకి కట్టి నది వేగంతోనే నడుపుతారు.

తిండికి హోయ్‌రిగర్‌కి వెళ్లండి, అంటే రైతులే తమ వైన్ పోసి చల్లటి ఫలహారం పెట్టే చోటు. గుమ్మానికి కొమ్మ వేలాడుతుంటే తెరిచినట్టు. పళ్లెం నిండా పంది మాంసమే పెడతారు కాబట్టి ముందే చెప్పాలి. బంగాళాదుంపతో చేసే ఎర్డ్‌ఎప్ఫెల్‌కేజె, రొట్టె, ఊరగాయలు మీకు సరిపోతాయి. లిప్టావర్ అని ఎర్రటి జున్ను పూత ఉంటుంది, కొందరు అందులో చిన్న చేప కలుపుతారు, అడిగే తినండి. అక్కకి తాజా ద్రాక్ష రసం ఇప్పించండి, వఖావ్ ఆప్రికాట్ జామ్ కూడా. అక్టోబర్ కాబట్టి ష్టుర్మ్ దొరుకుతుంది, సగం పులిసిన కొత్త రసం, తియ్యగా దిగిపోతుంది కానీ అందులోనూ ఆల్కహాల్ ఉంది, రసమనుకుని అక్కకి ఇవ్వకండి. చెట్నీ గారు చెప్పిన క్రెమ్స్‌టాల్, కాంప్‌టాల్ సంగతికి నాకేం కోపం లేదు, తిరుగు ప్రయాణంలో ట్రైను ఎక్కే ముందు క్రెమ్స్‌లో క్రెమ్స్‌టాల్ సీసా కూడా ఒకటి కొనుక్కోండి. బోటు ఎక్కాలంటే శనివారం టికెట్లు ముందే తీసుకోవాలి, అక్టోబర్ దాటితే మామూలు సర్వీసు ఉండదు.