కార్డు విలువ ఆటలో ఉందా, అరుదుతనంలో ఉందా?

పాతపెట్టె: ఆటలో పనికిరాని కార్డుకు విలువే లేదని నిన్న ఎత్తుగడ గారు రాశారు. బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ బొమ్మతో టాప్స్ కంపెనీ 1952లో వేసిన కార్డుతో ఏ ఆటా ఆడలేము. అయినా మూలలు నలగకుండా మిగిలినవి బహు కొద్ది కాబట్టి, వాటిలో ఒకటి 2022లో వేలానికి వచ్చి 1.26 కోట్ల డాలర్లు పలికింది.

ఎత్తుగడ: అది బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ, నేనన్నది ఆటకార్డుల గురించి. 1993లో మ్యాజిక్ అనే కార్డుల ఆటతోపాటు వచ్చిన బ్లాక్ లోటస్ కార్డు ఖర్చేమీ లేకుండా మూడు మానాలు (మిగతా కార్డులు ఆడటానికి వెచ్చించే శక్తి) ఇస్తుంది. ముందు ఆ బలం దానికి పేరు తెచ్చింది, ధర ఆ తర్వాత వచ్చింది.

పాతపెట్టె: బలమే విలువైతే, పాత కార్డులతో ఆడే లెగసీ పోటీల్లో నిషేధించిన ఆ కార్డును ఈపాటికి అడిగేవారే ఉండకూడదు. అలాంటి పాత కార్డులను మళ్లీ ముద్రించబోమని 1996లో మ్యాజిక్ కంపెనీ మాట ఇచ్చింది కాబట్టే ఆ ధర నిలిచింది.

గోరింక: 1990 ప్రాంతంలో బేస్‌బాల్ కార్డులను విపరీతంగా ముద్రించారు, అందరూ దాచుకున్నారు. ఇప్పుడు వాటిలో చాలావాటిని ఎవరూ అడగడం లేదు.

పాతపెట్టె: అందుకే స్థితి ముఖ్యమంటున్నాను. నా చారిజార్డ్ పోకెమాన్ కార్డును గ్రేడింగ్‌కు, అంటే స్థితిని చూసి మార్కులు వేయడానికి, పంపితే పదికి ఏడు వచ్చింది. వెనుకవైపు నీలి అంచు మూలన ఆవగింజంత తెల్లచుక్క కనిపిస్తుంది. ఒక్క ఆట కోసమని మిత్రుడు అడిగి తీసుకున్నాడు, తిరిగి వచ్చేసరికి అది ఉంది.

ఎత్తుగడ: స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు) వేయకుండా ఎందుకిచ్చారు?

పాతపెట్టె: స్లీవ్ వేసే ఇచ్చాను, తీసి ఆడింది అతడు.

ఎత్తుగడ: డబుల్ స్లీవ్ వేసి ఉంటే తీసేవాడు కాదు.

గోరింక: స్లీవ్ మాట వదిలి అసలు విషయానికి రండి.

ఎత్తుగడ: సరే, చెబుతాను. పాతపెట్టె గారికి కార్డు మీద కన్నా దాని మీది అంకె మీదే మక్కువ. డెక్‌కు, అంటే ఆడే కార్డుల కట్టకు, కావలసిన నాలుగు డ్యూయల్ ల్యాండ్లు (రెండు రకాల మానా ఇచ్చే పాత మ్యాజిక్ కార్డులు) కొనలేక మా తమ్ముడు లెగసీ పోటీలకు వెళ్లడమే మానేశాడు. దాచుకునేవాళ్లు కొని పెట్టెల్లో పెడుతుంటే, ఆడేవాళ్లకు అందడం లేదు. కంపెనీ వాటిని మళ్లీ ముద్రించి తీరాలి.

పాతపెట్టె: ఇన్నాళ్లూ విలువ గురించి అంటూ మీరు అడుగుతున్నది ఇదన్నమాట. 1995లో క్రానికల్స్ పేరిట పాత కార్డులను మళ్లీ ముద్రించినప్పుడు, నమ్మి కొన్నవాళ్లు మండిపడ్డారు కాబట్టే ఆ మాట ఇచ్చారు. నేను ఆ మాటను నమ్మే నా పొదుపు పెట్టాను.

ఎత్తుగడ: ఆ మాట ఇచ్చినప్పుడు మా తమ్ముడు పుట్టనే లేదు.

పాతపెట్టె: మిత్రుల మధ్య ఆటలో ప్రాక్సీలు (అసలు కార్డుకు బదులు పెట్టుకునే నకళ్లు) వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. మళ్లీ ముద్రణకు మాత్రం ఒప్పుకోను.

ఎత్తుగడ: వాడికి కావలసింది పోటీ. అక్కడ ప్రాక్సీ చెల్లదని మీకూ తెలుసు.